తిరుగుబాటు న్యాయమే! మరి బానిస తిరుగుబాటు?

సంపాదకీయం

పై పెత్తనం మీద కిందివాడు తిరగబడటం న్యాయమా, కాదా? మన వాడల్లో ఎవర్ని అడిగినా ఆలోచించకుండా న్యాయమే అంటారు. సరే. మరి తిరగబడ్డవాడి కాలికింద ఇంకొకడు నలుగుతుంటే? పైవాడి మీదికి పిడికిలెత్తినవాడు కిందివాడి మెడ మీంచి కాలు తియ్యకపోతే? అప్పుడు ఆ తిరుగుబాటుకు మనం జై కొట్టాలా, కొట్టగూడదా?

ఇది ఊరికే పుట్టిన ప్రశ్న కాదు. 1776 జూలై 4న అమెరికాలోని 13 ఇంగ్లీషు వలసలు 'ఇక మీ రాజు మాకు రాజు కాదు' అని ప్రకటించాయి. 2026తో దానికి 250 ఏళ్ల లెక్క. మనుషులందరూ సమానంగా పుట్టారన్న మాట ఆ ప్రకటనలోనే ఉంది. ఆ మాట రాసిన థామస్ జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా నల్లవాళ్లను బానిసలుగా ఉంచుకున్న తోటల దొర. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఎవరు ఏం చెప్పినా అది సగం కతే. మిగతా సగం కూడా చెప్పుకుందాం. మనకు పనికొచ్చేది అక్కడే ఉంది.

ముందు వాళ్ల గోడు విందాం

ఆ వలసలు ఇంగ్లండు నుంచీ, యూరప్ నుంచీ వెళ్లి సముద్రం ఒడ్డున స్థిరపడ్డ తెల్లవాళ్లవి. వాళ్లకు సొంత సభలుండేవి. తమ పన్నులు తామే వేసుకునేవాళ్లు. 1763లో ముగిసిన ఏడేళ్ల యుద్ధంలో ఇంగ్లండు ఫ్రాన్సును ఓడించింది గానీ దాని అప్పు దాదాపు రెట్టింపై 13 కోట్ల పౌండ్ల దాకా పోయింది. 'యుద్ధం చేసింది మీ రక్షణ కోసం కూడా గదా, మీరూ కట్టండి' అన్నారు లండన్ పాలకులు. 1765లో స్టాంపు చట్టం తెచ్చారు. దస్తావేజులకు పన్ను, పత్రికలకు పన్ను, కరపత్రాలకు పన్ను, చివరికి పేకముక్కలకూ పన్ను!

జనం భగ్గుమన్నారు. స్టాంపులమ్మే అధికారుల చేత రాజీనామాలు చేయించారు. ఇంగ్లండు సరుకు కొనం అన్నారు. ఆడవాళ్లు ఇంట్లోనే నూలు వడికారు. 1766లో చట్టం రద్దయింది. కానీ అదే రోజు లండన్ పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. 'మీ మీద ఏ విషయంలోనైనా చట్టం చేసే హక్కు మాకుంది' అని దాని సారాంశం. అంటే కొరడా పక్కన పెట్టాడు గానీ, కొట్టే హక్కు నాదేనని కాగితం రాయించుకున్నాడన్నమాట.

తర్వాత గాజు, కాగితం, రంగులు, సీసం, టీ ఆకు మీద పన్నులు. బోస్టన్ పట్నంలోకి సైన్యం దిగింది. 1770 మార్చి 5న ఆ సైన్యం కాల్పుల్లో ఐదుగురు చనిపోయారు. వాళ్లలో మొదట నేలకొరిగినవాడిగా చెప్పుకునే క్రిస్పస్ అటక్స్ తెల్లవాడు కాదు. నల్లజాతి, మూలవాసి రక్తం కలిసిన ఓడ కూలీ. తెల్లవాళ్ల స్వేచ్ఛ పోరాటంలో మొదటి నెత్తురు అట్లా వేరేవాడిది. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక టీ సంగతి. బెంగాల్ దివానీ చేతికొచ్చినా, 1770 కరువులో అక్కడి జనం లక్షల్లో చచ్చినా, ఈస్టిండియా కంపెనీ మాత్రం దివాలా అంచుకొచ్చింది. దాన్ని నిలబెట్టడానికి గోదాముల్లో పేరుకున్న టీ ఆకును నేరుగా అమెరికాలో అమ్ముకోమని 1773లో చట్టం చేశారు. మన నెత్తురు పీల్చిన కంపెనీయే అక్కడా గొడవకు కారణమైంది. ఆ చట్టంతో నిజానికి టీ ధర తగ్గేది. పౌను టీ ఆకు మీద పన్ను మూడు పెన్నీలే. అయినా 1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ జనం ఓడలెక్కి 340 పెట్టెల టీ ఆకును సముద్రంలో పారబోశారు. ఎందుకు? చవగ్గా దొరుకుతుందని తాగితే, అడక్కుండా పన్ను వేసే హక్కును ఒప్పుకున్నట్టే అని. గొడవ మూడు పెన్నీల గురించి కాదు. మన జేబులో చెయ్యి పెట్టే ముందు మనల్ని అడగాలా వద్దా అన్నదాని గురించి.

దానికి బదులుగా ఇంగ్లండు 1774లో బోస్టన్ రేవు మూసింది. ఆ వలస సభ అధికారాలు కోసేసింది. 1775 ఏప్రిల్ 19న తుపాకులు పేలాయి. ఆ తర్వాత కూడా జూలైలో రాజుకు అర్జీ పెట్టుకున్నారు. మూడో జార్జి దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. తిరుగుబాటుదారులని ముద్ర వేశాడు. ఆ తర్వాత ఏడాదికి గానీ స్వాతంత్య్రం ప్రకటించలేదు.

'మీ తరఫున మేమున్నాం గదా!'

లండన్ పాలకుల జవాబు మనం బాగా ఎరిగిన జవాబే. పార్లమెంటులో మీ మనిషి లేకపోతేనేం, అక్కడున్న సభ్యులు అందరి మేలూ చూస్తారు, మాంచెస్టర్ లాంటి పెద్ద పట్నానికి మాత్రం సభ్యుడున్నాడా, అని వాదించారు. ఈ మాట ఎక్కడో విన్నట్టు లేదూ? హరిజనుల తరఫున మేం మాట్లాడతాం, వాళ్లకు వేరే సీట్లెందుకు, వేరే ఓట్లెందుకు అని 1930లలో అన్న పెద్దమనుషుల మాట ఇదే. మాంచెస్టర్‌కు సభ్యుడు లేకపోవడం మాంచెస్టర్‌కు జరిగిన అన్యాయం. అది చూపించి అమెరికాకు చేసిన అన్యాయాన్ని న్యాయమనడం కుదరదు.

కాబట్టి మొదటి తీర్పు దాచుకోకుండా చెబుదాం. రాజు మీద వలసలవాళ్ల తిరుగుబాటు న్యాయమైందే. వాళ్ల బాధ చిన్నదే కావచ్చు. ఇంగ్లండులో ఉన్నవాడు కట్టే పన్నుతో పోలిస్తే అమెరికాలో ఉన్నవాడు కట్టింది చాలా తక్కువ. కానీ బాధ చిన్నదైనంత మాత్రాన హక్కు చిన్నదై పోదు. ఎవరి మీద చట్టం చేస్తారో వాళ్ల ఒప్పుదల ఉండాలి. అర్జీలు పెట్టి, సరుకు మానేసి, పదేళ్లు ఓపిక పట్టాక కూడా తలుపు తియ్యకపోతే, తలుపు పగలగొట్టినవాణ్ణి తప్పుపట్టలేం.

ఇప్పుడు రెండో సగం

1776 నాటికి ఆ 13 వలసల్లో దాదాపు 25 లక్షల మంది జనం. అందులో సుమారు 5 లక్షల మంది నల్లజాతి బానిసలు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో 'వర్జీనియా' అంటే పొగాకు రకం. ఆ పేరున్న వలసలో 1619 నుంచీ ఆఫ్రికా మనుషుల్ని దించారు. అక్కడ పొగాకు తోటల్లో వెన్ను విరిగేలా చాకిరీ చేసింది వాళ్లే. తిరుగుబాటు సేనాపతి జార్జి వాషింగ్టన్ ఆ తోటల దొరే. 1799లో ఆయన చనిపోయేనాటికి ఆయన తోటల్లో 317 మంది బానిసలున్నారు.

మూడు పెన్నీల పన్నును బానిసత్వం అని పిలిచినవాళ్లు వీళ్లు! పుట్టిన బిడ్డను తల్లి ఒడిలోంచి లాగి వేలం వేస్తే దాన్ని మాత్రం ఆస్తి అన్నారు. ఈ రెండు నాలుకల సంగతి బానిసలు అప్పుడే పట్టుకున్నారు. 1773లో, 1774లో, 1777లో మసాచుసెట్స్ బానిసలు సభకు అర్జీలు పెట్టారు. స్వేచ్ఛ మనిషి పుట్టుక హక్కు అని మీరే అంటున్నారు గదా, మరి మా సంగతేంటని అడిగారు. ఇంగ్లీషు రచయిత శామ్యూల్ జాన్సన్ 1775లో ఇదే మాట పట్టుకుని ఎద్దేవా చేశాడు. జెఫర్సన్ తన చిత్తుప్రతిలో బానిస వ్యాపారాన్ని తిడుతూ ఒక పేరా రాశాడు, తప్పంతా రాజు మీదికి నెట్టి. దాన్ని కూడా సభ కొట్టేసింది. దక్షిణ కరోలినా, జార్జియా ఒప్పుకోలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

1775 నవంబరులో వర్జీనియా ఇంగ్లీషు గవర్నరు డన్‌మోర్ ఒక ప్రకటన చేశాడు. తిరుగుబాటుదారుల బానిసలు పారిపోయి వచ్చి రాజు పక్షాన తుపాకి పడితే స్వేచ్ఛ ఇస్తానన్నాడు. వందల మంది పరుగెత్తుకొచ్చారు. యుద్ధమంతా అట్లా వేలాది మంది ఇంగ్లీషు దండులోకి పారిపోయారు. వాషింగ్టన్ తోట నుంచి పారిపోయిన హ్యారీ వాషింగ్టన్ వాళ్లలో ఒకడు. మరి వీళ్లు దేశద్రోహులా? దేశం ఎవరిది? ఎవడి గొలుసు వాడు తెంచుకోవడం ద్రోహమెట్లా అవుతుంది? వలసదారుడికి రాజు మీద తిరగబడే హక్కుంటే, బానిసకు ఆ వలసదారుడి మీద తిరగబడే హక్కు వందరెట్లుంది.

అట్లాగని ఇంగ్లండును దేవుణ్ణి చెయ్యనక్కర్లేదు. డన్‌మోర్ తానూ బానిసల యజమానే. స్వేచ్ఛ ఇస్తానన్నది శత్రువు బానిసలకే గానీ రాజభక్తుల బానిసలకు కాదు. చేరినవాళ్లలో ఎంతోమంది మశూచికంతో చచ్చారు. యుద్ధం ఓడిపోయాక సుమారు 3 వేల మంది నల్లవాళ్ల పేర్లు చిట్టాలో రాసుకుని 1783లో కెనడా వైపున్న నోవాస్కోషియాకు పంపారు. వాళ్లను వెనక్కి అప్పగించమని వాషింగ్టన్ అడిగితే ఇంగ్లీషు సేనాపతి కార్ల్‌టన్ కుదరదన్నాడు. అది మంచి పనే. కానీ నోవాస్కోషియాలో వాళ్లకు రాళ్ల నేల, చలి, కూలి బతుకే దక్కింది. 1792లో సుమారు 1,200 మంది ఆఫ్రికాలోని సియెర్రాలియోన్‌కు వెళ్లిపోయారు. ఇంగ్లండు తన చక్కెర దీవుల్లో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833 దాకా తేలేదు. అప్పుడైనా 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఎవరికిచ్చింది? యజమానులకు! బానిసకు దమ్మిడీ లేదు.

అటువైపు, తిరుగుబాటు సైన్యంలో కూడా సుమారు 5 వేల మంది నల్లవాళ్లు పోరాడారు. మొదట వాళ్లను చేర్చుకోవద్దన్నారు, మనుషులు చాలక చేర్చుకున్నారు. ఇంకోపక్క 1780లో వర్జీనియా సభ, యుద్ధం ముగిసేదాకా పనిచేసే సిపాయికి 300 ఎకరాల భూమీ, దాంతోపాటు ఒక ఆరోగ్యవంతుడైన బానిసో లేక 60 పౌండ్లో ఇస్తామని చట్టం చేసింది. స్వేచ్ఛ కోసం పోరాడినందుకు బహుమానం ఇంకో మనిషి! దీనికన్నా వేరే సాక్ష్యం కావాలా?

నేల ఎవరిది?

ఆ నేల అసలు ఎవరిది? అక్కడ వేల ఏళ్లుగా బతుకుతున్న మూలవాసులది. 1763లో రాజు ఒక ప్రకటన చేసి, అపలాచియన్ కొండల పడమటి నేల మూలవాసులకు వదిలెయ్యండి, అటు పోయి ఆక్రమించొద్దన్నాడు. మూలవాసుల మీద ప్రేమతో కాదు, యుద్ధాల ఖర్చు భరించలేక. భూముల మీద కన్నేసినవాళ్లకు అది గిట్టలేదు. రాజు మీద కోపానికి అదీ ఒక కారణం. స్వాతంత్య్ర ప్రకటనలోనే మూలవాసుల్ని దయలేని అడవిమనుషులని తిట్టారు. 1779లో వాషింగ్టన్ పంపిన సైన్యం ఇరక్వా జనం గూడేలు 40కి పైగా తగలబెట్టింది. నిలబడ్డ మొక్కజొన్న పంటను నరికేసింది. 1782లో గ్నాడెన్‌హుటెన్ అనే చోట యుద్ధంతో సంబంధం లేని 96 మంది క్రైస్తవ మూలవాసుల్ని, పిల్లలతో సహా, తిరుగుబాటు పక్షపు దళం చంపింది.

1783 పారిస్ ఒప్పందంలో ఇంగ్లండు మిసిసిపీ నది దాకా నేలను కొత్త దేశానికి రాసిచ్చింది. మూలవాసుల్ని ఒక్కమాట అడగలేదు. మనకిది కొత్త కాదు. 1766లో నిజాం ఇట్లాగే ఉత్తర సర్కారుల్ని కంపెనీకి రాసిచ్చాడు. ఇక్కడి రైతునుగానీ, పాలేరునుగానీ, మాలమాదిగల్నిగానీ ఎవరడిగారు? అక్కడ ఓడిన దొర ఇక్కడికొచ్చిన సంగతి కూడా చెప్పుకోవాలి. 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో లొంగిపోయిన ఇంగ్లీషు సేనాపతి కారన్‌వాలిస్సే 1786లో మనకు గవర్నరు జనరలై వచ్చాడు. 1793లో బెంగాల్లో జమీందారీ శాశ్వత శిస్తు పద్ధతి పెట్టింది ఆయనే. 1802 నుంచి అదే పద్ధతి మన ఉత్తర సర్కారులకూ తెచ్చి పెట్టారు. 1948 చట్టం దాకా ఆ జమీందారీల కింద వెట్టి చేసిందెవరో వేరే చెప్పనక్కర్లేదు.

గెలిచాక ఏమైంది?

1787లో రాసుకున్న రాజ్యాంగంలో బానిస అన్న మాట వాడటానికి సిగ్గుపడ్డారు గానీ బానిసత్వాన్ని కాపాడటానికి సిగ్గుపడలేదు. సీట్ల లెక్కలో ఐదుగురు బానిసల్ని ముగ్గురిగా లెక్కేశారు. ఆ సీట్లు పోయింది యజమానులకే. పారిపోయిన బానిసను తిరిగి అప్పగించాలన్నారు. 1808 దాకా బానిసల దిగుమతి ఆపకూడదన్నారు. 1790లో 7 లక్షలకు దగ్గరగా ఉన్న బానిసలు 1860 నాటికి 40 లక్షలకు దగ్గరయ్యారు. 1865లో బానిసత్వం రద్దు కావడానికి లక్షల మంది చచ్చిన అంతర్యుద్ధం కావలసొచ్చింది. మూలవాసులందరికీ పౌరసత్వం 1924లో గానీ రాలేదు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఒకసారి నోరు దాటిన మాటను దొరలు మళ్లీ మింగలేకపోయారు. మనుషులందరూ పుట్టుకతో స్వతంత్రులు, సమానులని మసాచుసెట్స్ 1780లో రాజ్యాంగం రాసుకుంది. ఎలిజబెత్ ఫ్రీమన్ అనే బానిస స్త్రీ దాన్నే పట్టుకుని 1781లో కోర్టుకెక్కి స్వేచ్ఛ గెలిచింది. ఆమెకు చదవడం, రాయడం రాదు. యజమానులు మాట్లాడుకుంటుంటే విన్న మాటను వాళ్ల మీదికే తిప్పింది! 1780లో పెన్సిల్వేనియా బానిసత్వాన్ని మెల్లగా తీసేసే చట్టం చేసింది. 1804 జనవరి 1న హైతీ బానిసలు ఫ్రాన్సును తరిమి సొంత రాజ్యం ప్రకటించుకున్నారు. 1966లో బ్లాక్ పాంథర్లు తమ పది డిమాండ్ల చివర జెఫర్సన్ రాసిన ప్రకటనలోని మాటల్నే పెట్టుకున్నారు. ఆ పాంథర్ల పేరే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు తీసుకున్నారు. అంతకు వందేళ్ల ముందే, 1873లో, మహాత్మా ఫూలే తన 'గులాంగిరి' పుస్తకాన్ని బానిసత్వం పోవడానికి పాటుపడిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు. ఆయన దండం పెట్టింది 1776 దొరలకు కాదు. వాళ్లు ఎగ్గొట్టిన బాకీని 1865లో కొంతైనా తీర్చినవాళ్లకు.

బాబాసాహెబ్ కొలబద్ద

ఏ తిరుగుబాటు న్యాయమో తేల్చడానికి అంబేడ్కర్ మనకు కొలబద్ద ఇచ్చిపోయాడు. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన చెప్పిందేంటి? రాజ్యాంగబద్ధమైన దారి లేనప్పుడు ఇతర పద్ధతులకు సమర్థన ఉంది, దారి తెరిచి ఉన్నప్పుడు లేదు అని. ఈ కొలబద్దతో కొలిస్తే, పార్లమెంటులో మనిషి లేని వలసదారుడికి సమర్థన ఉంది. పార్లమెంటూ లేక, సభా లేక, తన ఒంటి మీద తనకే హక్కు లేని బానిసకు అంతకన్నా ఎక్కువ ఉంది.

1930లో లండన్ రౌండ్‌టేబుల్ సమావేశంలోనూ ఆయన ఇదే చిక్కును ఎదుర్కొన్నాడు. ఇంగ్లీషువాళ్లు ఇన్నేళ్లు పాలించినా మాకు బావి తెరిపించలేదు, గుడి తెరిపించలేదు, కాబట్టి మీ పాలన పోవాలన్నాడు. ఆ నోటితోనే, పోయాక అధికారం ఎవరి చేతికి పోతుంది, అందులో మా వాటా ఎంత, రాతపూర్వకంగా ముందే తేల్చండన్నాడు. ఆయన్ని ఇంగ్లీషువాళ్ల మనిషని తిట్టారు. కానీ ఒక దొర మీద కోపంతో ఆయన ఇంకో దొర చంకనెక్కలేదు. ఇద్దర్నీ ఒకేసారి నిలదీశాడు. 1776లో అమెరికా నల్లవాళ్లకు సమావేశం బల్ల దగ్గర అట్లా నిలదీసే కుర్చీ లేదు. అందుకే కొందరు రాజు దండులో, కొందరు తిరుగుబాటు దండులో చేరి, రెండుచోట్లా మోసపోయారు.

మనం పట్టుకోవాల్సింది

వాడల్లో పనిచేసే కార్యకర్తలకు ఒకటే మాట. ఊళ్లో పెద్దలు ఎవరి మీదో తిరగబడుతూ 'రండి, మీరూ జెండా పట్టుకోండి' అని పిలిచే రోజులు వస్తూనే ఉంటాయి. వాళ్ల కోపం న్యాయమైందే కావచ్చు. న్యాయమైతే న్యాయమనే అందాం. కానీ మొదటి వరసలో నిలబడే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మీరు పైవాణ్ణి అడుగుతున్న హక్కు మాకిస్తారా? ఇస్తే ఇప్పుడే, అందరి ముందూ, కాగితం మీద రాస్తారా? గెలిచిన మర్నాడు భూమిలో, పదవిలో, నిర్ణయంలో మా మనిషి ఎక్కడ కూర్చుంటాడు?

జవాబు సూటిగా వస్తే కలిసి నడుద్దాం. నీళ్లు నమిలితే మన జెండా మనమే ఎత్తుదాం. కానీ మంచి మాట చెడ్డవాడి నోట వచ్చిందని ఆ మాటను పారెయ్యొద్దు. మనుషులంతా సమానమన్న మాట జెఫర్సన్ సొత్తు కాదు. దాన్ని నమ్మి గొలుసు తెంచుకున్న ఎలిజబెత్ ఫ్రీమన్‌ది. హైతీ బానిసలది. మనది.